పెంపుడు కప్పకు స్నానం: నీళ్లు ఎన్ని డిగ్రీలుండాలి, ఎలా కలపాలి

కప్పను నీళ్లలో కూర్చోబెట్టాలంటే ఎన్ని డిగ్రీలుండాలి అని చాలామంది అడుగుతున్నారు. ఒక్క అంకె చెప్పి పంపేయడానికి నాకు మనసొప్పదు. ఒక జాతి హాయిగా కూర్చునే నీళ్లు ఇంకో జాతికి ప్రాణం మీదికి తెస్తాయి. అయితే ఏ జాతికైనా వర్తించే నియమం ఒకటుంది: స్నానం నీళ్లకూ, కప్ప అప్పటిదాకా ఉన్న చోటికీ మధ్య తేడా రెండు డిగ్రీలు దాటకూడదు. దీన్ని ఇంట్లో ఎలా పాటించాలో వరసగా చెబుతాను.

అంకెలన్నీ సెల్సియస్‌లోనే. తొట్టి అంటే కప్ప నివాసం. గిన్నె అంటే ఆ తొట్టిలో ఎప్పుడూ ఉండే నీళ్ల పాత్ర. టబ్బు అంటే స్నానం కోసం విడిగా పెట్టుకున్న డబ్బా. ఈ మూడూ కలగాపులగం కాకుండా చూసుకుంటే మిగతాది సులువు.

## 1. అసలు స్నానం కావాలా?

కప్పకు స్నానం అంటే ఒళ్లు తోమడం కాదు, నీళ్లలో కాసేపు నానబెట్టడం. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట అడుగున, తొడల లోపలి వైపు ఉండే చర్మంతో పీల్చుకుంటుంది. తొట్టిలో శుభ్రమైన గిన్నె, సరైన తేమ ఉంటే ఆరోగ్యంగా ఉన్న కప్ప ఆ పని తనంతట తానే చేసుకుంటుంది. దానికి వారం వారం స్నానం చేయించాల్సిన పని లేదు.

స్నానం పనికొచ్చే సందర్భాలు:

- కళ్లు లోతుకు పోయి, చర్మం ముడతలు పడి, కళ తప్పినట్టు కనిపిస్తున్నప్పుడు
- కొబ్బరి పొట్టు, మట్టి లాంటివి ఒంటికి అంటుకుని ఎండిపోయినప్పుడు
- విడిచిన పాత చర్మం కాళ్లకో వేళ్లకో చుట్టుకుని ఊడి రానప్పుడు
- చాలా రోజులుగా మలం రానప్పుడు
- పశువైద్యుడు చెప్పినప్పుడు

స్నానం వద్దనాల్సిన సందర్భాలు:

- పెద్ద మేత తిని ఒక రోజైనా గడవనప్పుడు. కదిలిస్తే తిన్నది కక్కేస్తుంది.
- పాత చర్మాన్ని లాక్కుని నోట్లో పెట్టుకుంటున్నప్పుడు. అది మామూలే, వదిలేయండి.
- ఒళ్లంతా నీరు పట్టి బెలూన్‌లా ఉబ్బినప్పుడు. ఇది నేరుగా వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన విషయం.
- కొత్తగా తెచ్చి రెండు మూడు రోజులే అయినప్పుడు, ఒంట్లో నీరు తగ్గిన లక్షణాలు లేకపోతే.

ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్, ఆఫ్రికన్ డ్వార్ఫ్ ఫ్రాగ్ లాంటివి జీవితమంతా నీళ్లలోనే ఉంటాయి. వాటికి విడిగా స్నానం ఉండదు. నీళ్లు మార్చేటప్పుడు మాత్రం ఇక్కడ చెప్పే ఉష్ణోగ్రత జాగ్రత్తలన్నీ వాటికీ వర్తిస్తాయి.

## 2. మీ చేతిని కాదు, థర్మామీటర్‌ను నమ్మండి

కప్పల స్నానంలో ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే మొదలవుతాయి. చంటిపిల్లల నీళ్లలో చేయి పెట్టి చూసినట్టే కప్ప నీళ్లనూ చూస్తాం. మన చేతి చర్మం దాదాపు 32 నుంచి 34 డిగ్రీల వేడిలో ఉంటుంది. కాబట్టి 25 డిగ్రీల నీళ్లు మనకు చల్లగా తగులుతాయి. హాయిగా, గోరువెచ్చగా ఉన్నాయి అనిపించే నీళ్లు సాధారణంగా 36 నుంచి 38 మధ్య ఉంటాయి. ఆ వేడిలో చాలా పెంపుడు కప్పలు నిమిషాల్లో ప్రమాదంలో పడతాయి.

కప్పకు సొంత ఒంటివేడి ఉండదు. చుట్టూ ఉన్న నీళ్లు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ అంత వేడెక్కుతుంది. బొటనవేలంత కప్ప అయితే ఈ మార్పు ఇంకా వేగంగా జరుగుతుంది.

దీనికి ఆక్సిజన్ సమస్య తోడవుతుంది. కప్ప చర్మం ద్వారా కూడా శ్వాసిస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీల దగ్గర అది 7.5కి పడిపోతుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ కప్ప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్లలో మాత్రం తగ్గిపోతుంది.

చల్లటి నీళ్లు కూడా ప్రమాదమే, కాకపోతే ఆ దెబ్బ నెమ్మదిగా తెలుస్తుంది. ఉష్ణమండల జాతిని 17, 18 డిగ్రీల నీళ్లలో పెడితే కదలకుండా కూర్చుంటుంది. చూసేవాళ్లకు ప్రశాంతంగా ఉందనిపిస్తుంది. నిజానికి దాని ఒంట్లో పనులన్నీ మందగిస్తుంటాయి, కడుపులో ఉన్న మేత అరగదు.

## 3. మీ కప్ప జాతికి హద్దులు

స్నానం నీళ్లకు కింది అంకెలు పనికొస్తాయి. ఇవి నేల మీద, చెట్ల మీద, కొంతసేపు నీళ్లలో ఉండే జాతులకు:

- ప్యాక్‌మ్యాన్ ఫ్రాగ్: 24–27
- ఆఫ్రికన్ బుల్‌ఫ్రాగ్: 24–28
- వైట్స్ ట్రీ ఫ్రాగ్: 23–27
- రెడ్ ఐడ్ ట్రీ ఫ్రాగ్: 23–26
- అమెరికన్ గ్రీన్ ట్రీ ఫ్రాగ్: 21–25
- టొమాటో ఫ్రాగ్: 21–26
- డార్ట్ ఫ్రాగ్‌లు: 22–25
- ఫైర్ బెల్లీడ్ టోడ్: 18–23

పూర్తిగా నీళ్లలో ఉండేవాటి ట్యాంకు నీళ్లకు:

- ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్: 18–22
- ఆఫ్రికన్ డ్వార్ఫ్ ఫ్రాగ్: 23–26

ఈ జాబితాను ఒంటరిగా వాడొద్దు. రాత్రంతా 21 డిగ్రీల్లో ఉన్న వైట్స్ ట్రీ ఫ్రాగ్‌ను పొద్దున్నే తెచ్చి 27 డిగ్రీల నీళ్లలో పెడితే, ఆ అంకె జాబితాలో ఉన్నా కప్పకు మాత్రం ఒక్కసారిగా ఆరు డిగ్రీల కుదుపు. మొదట తొట్టిలోని గిన్నె నీళ్లను కొలవండి. అదే మీ అసలు అంకె. స్నానం నీళ్లను దానికి రెండు డిగ్రీల లోపు ఉంచండి. జాబితాలోని అంకెలు దాటకూడని గట్లు మాత్రమే.

గాలిని కాకుండా గిన్నె నీళ్లనే కొలవమనడానికి కారణం ఉంది. పలచగా ఉన్న నీళ్లు ఆవిరవుతూ చల్లబడతాయి, అందుకే గిన్నె నీళ్లు తొట్టి గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా ఉండటం మామూలే. కప్ప చర్మానికి అలవాటైనది ఆ నీళ్లే.

గిన్నె నీళ్లే జాబితా హద్దుకు బయట ఉంటే సమస్య స్నానంలో లేదు, తొట్టిలో ఉంది. ముందు తొట్టి వేడిని సరిచేసి, కప్ప కుదుటపడ్డాక స్నానం సంగతి చూడండి.

జాతి ఏమిటో తెలియకపోతే గిన్నె నీళ్లకు సరిగ్గా సమానంగా ఉంచండి. ఏ జాతికైనా ఇంట్లో 30 డిగ్రీలు దాటిన నీళ్లు వద్దు. వేడి స్నానంతో కొన్ని ఫంగస్ జబ్బులు పోతాయని విని సొంతంగా నీళ్లు వేడెక్కించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది వైద్యుడు జాతిని, కప్ప స్థితిని చూసి నిర్ణయించాల్సిన చికిత్స.

## 4. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మొన నీళ్లలో ముంచే డిజిటల్ థర్మామీటర్
- నునుపైన ప్లాస్టిక్ టబ్బు, గాలి రంధ్రాలున్న మూత. సబ్బు ఎప్పుడూ తగలనిది, కప్పకు మాత్రమే వాడేది.
- ఆ టబ్బు పట్టేంత పెద్ద బేసిన్
- నీళ్లు కలపడానికి కొలత గీతలున్న జగ్గు
- క్లోరిన్ తీసేసే వాటర్ కండిషనర్
- పౌడర్ లేని నైట్రైల్ గ్లవ్స్
- టబ్బులో అడుగున వేయడానికి తడి టిష్యూ, రంగు, వాసన లేనిది

అక్వేరియం అద్దానికి అంటించే స్ట్రిప్ థర్మామీటర్లు ఈ పనికి చాలవు. గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడి మాత్రమే చెబుతుంది. అడుగున ఎంతుందో దానికి తెలియదు. గాజు థర్మామీటర్ కప్ప దగ్గర పెట్టకండి.

కొత్త థర్మామీటర్‌ను ఒకసారి పరీక్షించండి. గ్లాసు నిండా చిదిపిన ఐసు వేసి, ఖాళీలు నిండేంత నీళ్లు పోసి, రెండు మూడు నిమిషాలు కలుపుతూ మొనను మధ్యలో ఉంచండి. సున్నా చూపించాలి. ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తే ఆ ఒక్కటి ప్రతిసారీ తీసేసి లెక్కపెట్టుకోండి. రెండు డిగ్రీలకు మించి తేడా ఉంటే ఆ థర్మామీటర్‌ను పక్కన పడేయండి.

## 5. నీళ్లు కప్పకు తగ్గట్టు చేయడం

ఉష్ణోగ్రత సరిగ్గా ఉన్నా నీళ్లు మంచివి కాకపోతే లాభం లేదు. కప్ప చర్మం నీళ్లలో ఉన్న ప్రతిదాన్నీ లోపలికి రానిస్తుంది.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి పాత్రలో 24 గంటలు మూత లేకుండా ఉంచితే అది చాలావరకు పోతుంది. కొన్నిచోట్ల క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలుపుతారు, అది ఇలా నిలవ ఉంచితే పోదు. మీ కుళాయిలో ఏది వస్తుందో తెలియనప్పుడు కండిషనర్ వాడటమే మేలు. సీసా మీద రాసిన మోతాదు దాటకండి.

డిస్టిల్డ్ నీళ్లు, ఆర్వో నీళ్లు స్వచ్ఛం కదా అని వాడేవాళ్లు చాలామంది. వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆ నీళ్లలో ఎక్కువసేపు నానితే కప్ప ఒంట్లోని లవణాలు నీళ్లలోకి జారిపోతాయి. తొట్టిలో తుంపరగా చల్లడానికి అవి బాగుంటాయి, నానబెట్టడానికి మాత్రం కండిషనర్ కలిపిన కుళాయి నీళ్లే మంచివి. ఉప్పుతో పనిచేసే సాఫ్టెనర్ గుండా వచ్చిన నీళ్లు అసలే వద్దు.

గీజర్ నుంచి నేరుగా వచ్చే వేడినీళ్లు కూడా వాడకండి. వేడినీళ్లు పైపుల్లోని లోహాన్ని ఎక్కువగా కరిగించుకుంటాయి. రాగి కప్పలకు విషం. చల్లటి కుళాయిని కాసేపు వదిలేసి, తర్వాత పట్టిన నీళ్లకు కండిషనర్ కలిపి, వాటిలో కొంత శుభ్రమైన స్టీలు గిన్నెలో వేడిచేసుకోండి. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట మరిగి ఇంకోచోట చల్లగా ఉంటాయి కాబట్టి అదీ వద్దు.

ఉప్పు, తేనె, ఎలక్ట్రోలైట్ ద్రావణాలు, మూలికలు ఏవీ వైద్యుడు చెప్పకుండా కలపకండి.

## 6. సరైన ఉష్ణోగ్రతకు నీళ్లు కలపడం

ఈ పని పూర్తయ్యేదాకా కప్పను తొట్టిలోంచి బయటికి తీయొద్దు.

మొదటి అడుగు. గిన్నె నీళ్లలో థర్మామీటర్ మొన ఉంచి ఒక నిమిషం ఆగి అంకె రాసుకోండి. 25 వచ్చిందనుకుందాం. మీ లక్ష్యం 25, పోనివ్వగలిగేది 23 నుంచి 27 దాకా, అదీ జాతి హద్దు లోపల ఉంటేనే.

రెండో అడుగు. కండిషనర్ కలిపిన నీళ్లు జగ్గులో పోసి కొలవండి. తేడా ఎంతో తెలుస్తుంది.

మూడో అడుగు. ఎంత కలపాలో లెక్కవేయండి. లెక్క చాలా సులువు: చల్లనీళ్లు ఎన్ని డిగ్రీలు పెరగాలో దాన్ని వాటి పరిమాణంతో హెచ్చవేసి, వేడినీళ్లు ఎన్ని డిగ్రీలు తగ్గాలో దానితో భాగిస్తే వేడినీళ్ల పరిమాణం వస్తుంది.

ఉదాహరణకు 2 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల్లో ఉన్నాయి, 25 కావాలి. వేడిచేసిన నీళ్లు 45 దగ్గర ఉన్నాయి. చల్లనీళ్లు 5 డిగ్రీలు పెరగాలి: 2 × 5 = 10. వేడినీళ్లు 20 డిగ్రీలు తగ్గాలి: 10 ÷ 20 = అర లీటరు. అర లీటరు కలిపితే రెండున్నర లీటర్ల నీళ్లు 25 దగ్గర నిలుస్తాయి.

వేసవిలో లెక్క తిరగబడుతుంది. ఎండ తగిలే ట్యాంకు నుంచి వచ్చిన ఒకటిన్నర లీటరు నీళ్లు 32 ఉన్నాయి, 26 కావాలి. ఫ్రిజ్‌లో పెట్టిన కండిషనర్ నీళ్లు 8 దగ్గర ఉన్నాయి. 1.5 × 6 = 9, 9 ÷ 18 = అర లీటరు. ఫ్రిజ్ నీళ్లు లేకపోతే ఐసు ముక్కల్ని గట్టిగా మూసిన సంచిలో పెట్టి జగ్గులో ముంచి, కలుపుతూ, కావాల్సిన అంకె రాగానే తీసేయండి. ఐసును నేరుగా వేయొద్దంటున్నాను, ఎందుకంటే అది మామూలు కుళాయి నీళ్లతో చేసినది అయ్యుండవచ్చు, కరిగేదాకా ఉష్ణోగ్రత దిగుతూనే ఉంటుంది కూడా.

నాలుగో అడుగు. లెక్కలో వచ్చిన దానిలో ముప్పావు వంతు ముందు పోయండి, కలపండి, కొలవండి. మిగతాది కొద్దికొద్దిగా. పాత్ర కూడా కొంత వేడిని లాక్కుంటుంది కాబట్టి అర డిగ్రీ అటూ ఇటూ అవుతుంది.

ఐదో అడుగు. కలిపాక ఒక నిమిషం ఆగండి. వేడినీళ్లు పైకి తేలి, చల్లనీళ్లు అడుగున ఉండిపోతాయి. పైనొకసారి, అడుగునొకసారి కొలిస్తే ఒకే అంకె రావాలి. రాకపోతే మళ్లీ కలపండి.

ఆరో అడుగు. నీళ్లను టబ్బులోకి పోసి, టబ్బులో ఇంకోసారి కొలవండి. చల్లటి టబ్బు ఒక డిగ్రీ తినేసే అవకాశం ఉంది. చాలామంది జగ్గులో కొలిచి ఇక్కడ వదిలేస్తారు, అందుకే దీన్ని విడి అడుగుగా రాశాను.

ఏడో అడుగు. అదే ఉష్ణోగ్రత ఉన్న నీళ్లు పెద్ద బేసిన్‌లో పోసి, అందులో టబ్బును కూర్చోబెట్టండి. పలచగా పోసిన నీళ్లు చల్లటి గదిలో పది నిమిషాల్లోనే డిగ్రీ రెండు డిగ్రీలు దిగిపోతాయి. చుట్టూ ఎక్కువ నీళ్లుంటే ఆ దిగుడు బాగా నెమ్మదిస్తుంది. బేసిన్ నీళ్లు టబ్బు అంచు దాటి లోపలికి రాకుండా చూసుకోండి. టబ్బు కింద హీట్ ప్యాడ్, లోపల అక్వేరియం హీటర్, పైన బల్బు పెట్టకండి. అంత కొద్ది నీళ్లు వాటితో క్షణాల్లో హద్దు దాటతాయి, హీటర్ తగిలితే చర్మం కాలుతుంది.

## 7. స్నానం: వరస తప్పకండి

కప్పను పట్టుకోబోయే ముందు ఒకసారి సరిచూసుకోండి:

- టబ్బు నీళ్లు గిన్నె నీళ్లకు రెండు డిగ్రీల లోపు ఉన్నాయా?
- కండిషనర్ కలిపిందేనా?
- లోతు సరిగ్గా ఉందా?
- మూత, గడియారం, థర్మామీటర్ చేతికి అందేచోట ఉన్నాయా?
- గది తలుపు మూసి ఉందా? కుక్క, పిల్లి బయటే ఉన్నాయా?

లోతు విషయంలో తొందరపడొద్దు. ప్యాక్‌మ్యాన్ ఫ్రాగ్, ఆఫ్రికన్ బుల్‌ఫ్రాగ్ లాంటి బరువైన కప్పలు ఈదడంలో అంతంతమాత్రం. మామూలుగా కూర్చున్నప్పుడు నీళ్లు గడ్డం కిందే ఉండాలి, ముక్కు రంధ్రాలు ఎప్పుడూ పైన ఉండాలి. చెట్టు కప్పలకు మోచేతి దాకా చాలు. డార్ట్ ఫ్రాగ్‌లకు తడి టిష్యూ మీద కొన్ని మిల్లీమీటర్ల నీళ్లు సరిపోతాయి.

చేతులు సబ్బు, క్రీము లేకుండా కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, వాటిని కండిషనర్ నీళ్లతో తడపండి. పొడి చేయి కప్ప ఒంటి మీది జిగురు పొరను లాగేస్తుంది. ఆ పొరే దానికి రక్షణ. కప్పను రెండు చేతుల దొప్పలో ఎత్తి, వెనక కాళ్లు ముందు నీళ్లకు తగిలేలా నెమ్మదిగా దించండి. పైనుంచి వదలకండి, దాని మీద నీళ్లు పోయకండి.

మొదటి రెండు నిమిషాలు కళ్లు తిప్పకుండా చూడండి. కుదురుకున్నాక మూత పెట్టి, మొత్తం పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచండి. మలబద్ధకం ఉంటే అరగంట దాకా వెళ్లవచ్చు. అప్పుడు కూడా ఉష్ణోగ్రత జాతి పై హద్దుకు దగ్గరగా ఉండాలంటే ముందు తొట్టినే ఆ వేడికి తీసుకురావాలి. స్నానంలో ఒక్కసారిగా వేడిచ్చి మలం రప్పించాలని చూడకండి.

ఐదు నిమిషాలకోసారి కొలవండి. రెండు డిగ్రీలు దిగిపోతే కప్పను వెనక్కి పంపేయండి, లేదా ముందే కలిపి సిద్ధంగా పెట్టుకున్న రెండో టబ్బులోకి మార్చండి. కప్ప ఉన్న టబ్బులో వేడినీళ్లు పోయడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

చాలా కప్పలు నీళ్లలోకి దిగిన కాసేపటికే మలమూత్రాలు విడుస్తాయి. వెంటనే నీళ్లు మార్చండి, లేదంటే ఆ మురికినే చర్మంతో పీల్చుకుంటుంది. మార్చే నీళ్లు కూడా అదే ఉష్ణోగ్రతలో ఉండాలి, అందుకే ఎప్పుడూ అవసరానికి రెండింతలు కలిపి పెట్టుకోమంటాను.

అంటుకున్న మట్టిని, పాత చర్మాన్ని గోకకండి. నానాక అవే వదులవుతాయి. వదలకపోతే తడి దూదితో ఒకసారి నిమిరి చూసి, రాకుంటే మర్నాడు మళ్లీ ప్రయత్నించండి.

తీసేటప్పుడు తుడవొద్దు. తడి చేతుల్లో ఎత్తి నేరుగా తొట్టిలోకి. ఫ్యాను గాలి తగలకుండా చూడండి.

## 8. నీళ్లు పడలేదని కప్ప ఎలా చెబుతుంది

వేడి ఎక్కువైనప్పుడు:

- దిగీ దిగగానే గోడలు ఎక్కడం, పదేపదే దూకడం
- గొంతు కింద చర్మం మామూలు కంటే చాలా వేగంగా కొట్టుకోవడం
- నోరు తెరుచుకుని ఉండటం
- పొట్ట, తొడలు ఎర్రబడటం
- కాళ్లు బిగుసుకుని చాపడం, వణకడం

చల్లదనం ఎక్కువైనప్పుడు:

- తాకినా నెమ్మదిగా మాత్రమే స్పందించడం
- కళ్లు మూసుకుని ముడుచుకుపోవడం
- రంగు మామూలు కంటే ముదరడం

కొత్త చోటు భయంతో కూడా కప్ప గోడలు ఎక్కుతుంది. తేడా తెలుసుకోవాలంటే థర్మామీటర్ చూడండి. అంకె సరిగ్గా ఉండి, రెండు నిమిషాల్లో కుదురుకుంటే అది భయమే. అంకె సరిగ్గా ఉన్నా కుదురుకోకపోతే నీళ్లలో ఏదో ఉందనుకుని బయటికి తీసేయండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

ఉదయం కలిపిన నీళ్లను సాయంత్రం వాడటం. క్లోరిన్ పోయి ఉంటుంది కానీ ఉష్ణోగ్రత గదితో పాటు మారిపోయి ఉంటుంది. వాడబోయే ముందు మళ్లీ కొలవండి.

కిటికీ దగ్గర టబ్బు పెట్టడం. మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బా మీద నేరుగా ఎండ పడితే లోపలి గాలి, నీళ్లు చూస్తుండగానే వేడెక్కుతాయి. నీడలో, గాలి విసురు లేనిచోట పెట్టండి.

రెండు జాతుల్ని ఒకే నీళ్లలో పెట్టడం. ఉష్ణోగ్రత ఇద్దరికీ సరిపోదు, అది ఒకటి. ఫైర్ బెల్లీడ్ టోడ్ లాంటివి చర్మం నుంచి విషద్రవం వదులుతాయి, కొద్ది నీళ్లలో అది పక్క కప్పను చంపగలదు. ఒక్కో కప్పకు ఒక్కో టబ్బు.

చల్లటి గదిలో వెచ్చటి స్నానం. నీళ్లు 26, గది 17 ఉంటే స్నానం బాగానే జరుగుతుంది, బయటికి తీశాకే దెబ్బ తగులుతుంది. టబ్బును తొట్టి పక్కనే పెట్టుకుంటే దారిలో గడిపే సమయం తగ్గుతుంది.

రోజూ స్నానం చేయించడం. కప్పలో నీరు పదేపదే తగ్గుతోందంటే తొట్టిలో తేమ చాలడం లేదు, లేదా గిన్నె చిన్నది, లేదా మురికిగా ఉంది. దాన్ని సరిచేయాలి. స్నానంతో నెట్టుకొస్తే కారణం అలాగే ఉండిపోతుంది.

## 10. ఇప్పటికే వేడి తగిలితే, చలి పట్టితే

తొట్టి లైటు పాడై కప్ప బాగా వేడెక్కిందనుకోండి. ఐసు నీళ్లలో పెట్టాలనిపిస్తుంది. వద్దు. ముందు లైటు, హీటర్ ఆపి, కప్పను చల్లటి గదికి మార్చండి. అది ఉన్న వేడి కంటే రెండు డిగ్రీలు తక్కువున్న పలచటి నీళ్లలో కూర్చోబెట్టండి. పది నిమిషాలకు ఇంకో రెండు డిగ్రీలు తక్కువున్న నీళ్లలోకి మార్చండి. జాతి హద్దులోకి వచ్చేదాకా ఇలాగే. ఈలోగా ఉభయచరాలను చూసే పశువైద్యుడికి ఫోన్ చేయండి. వెల్లకిలా పడితే బోర్లా తిరగలేకపోయినా, ఒళ్లు బిగుసుకుపోతున్నా డిగ్రీలు లెక్కపెడుతూ ఇంట్లో ఆగకండి.

చలి పట్టిన కప్పను వెచ్చటి నీళ్లలో ముంచడం కూడా అంతే ప్రమాదం. దీనికి స్నానం మందు కాదు. తొట్టి గాలిని కొన్ని గంటల్లో మెల్లగా పెంచుతూ రండి. గిన్నె నీళ్లు దానంతటవే గాలితో పాటు వెచ్చబడతాయి. పూర్తిగా చురుకుదనం వచ్చేదాకా మేత పెట్టకండి.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు జాతి, గిన్నె నీళ్ల ఉష్ణోగ్రత, స్నానం మొదట్లో, చివర్లో వచ్చిన అంకెలు, వాడిన నీళ్లు, కండిషనర్ పేరు రాసుకుని తీసుకెళ్లండి.

## 11. స్నానం అయ్యాక

వాడిన నీళ్లను టాయిలెట్‌లో పోసి ఫ్లష్ చేయండి. చెరువులో, కాలువలో, తోటలో పారబోయకండి. మీ కప్ప ఆరోగ్యంగా కనిపించినా దాని మీద కైట్రిడ్ ఫంగస్ ఉండవచ్చు. అది నీళ్ల ద్వారా బయటి కప్పలకు పాకి, కొన్నిచోట్ల కప్ప జాతుల్నే తుడిచిపెట్టింది.

టబ్బును వంటింటి సింకులో కడగొద్దు. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, చివరిసారి కండిషనర్ నీళ్లతో జాడించి, పూర్తిగా ఆరబెట్టండి. తర్వాతి స్నానానికి తీసినప్పుడు బ్లీచ్ వాసన ఏమాత్రం వచ్చినా మళ్లీ జాడించాల్సిందే.

చివరగా మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. కప్పల మీద సాల్మొనెల్లా అనే, కడుపు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండవచ్చు, కొన్నింటి చర్మద్రవం కంట్లో పడితే భరించలేని మంట. అయిదేళ్ల లోపు పిల్లలకు ఈ పని అప్పగించకండి.